గేదె చేతికొచ్చిన తర్వాతి రెండేళ్లు

ప్రభుత్వ పథకం కింద భూమి లేని ఒంటరి మహిళ ఇంటికి ఒక చూడి గేదెను తోలిచ్చి వెళ్లిపోతే, అది ఈని పాలివ్వడానికి ముందు కొన్ని నెలలు గడవాలి. ఆ నెలల్లో గేదెకు మేత కావాలి, ఇంటికి బియ్యం కావాలి. మేత కోసం గట్ల వెంట తిరిగితే ఆ రోజు కూలి పోతుంది, కూలికి పోతే గేదెను చూసేవారుండరు. మధ్యలో పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రి ఖర్చుకు నూటికి మూడు రూపాయలకో ఐదు రూపాయలకో వడ్డీకి తేవాలి. ఆ అప్పు ఇచ్చే మనిషికి ఆ ఇంట్లో తాకట్టుగా కనిపించేది కూడా ఆ గేదే. చివరికి ఈనకముందే ఏదో ఒక సంతలో, కొన్న ధరకన్నా తక్కువకు, అది చేతులు మారుతుంది. లబ్ధిదారుల జాబితాలో ఆమె పేరు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ అనుభవం కొత్తది కాదు. 1980 నుంచి దేశమంతటా అమలైన సమగ్ర గ్రామీణాభివృద్ధి కార్యక్రమం బ్యాంకు రుణానికి రాయితీ జోడించి పాడి పశువులను, ఇతర ఉపాధి సాధనాలను పేద కుటుంబాలకు అందించింది. 1999లో దాని స్థానంలోకి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన వచ్చింది. ఇన్నేళ్లలో ఆస్తిని పంచడం మన పాలనా యంత్రాంగానికి బాగానే అలవాటైంది. పంచిన ఆస్తి నిలదొక్కుకునేదాకా ఆ ఇంటికి తోడుండడం ఇంకా అలవాటు కాలేదు. కటిక పేదరికం నుంచి కుటుంబాలను బయటికి తేవడం మీద గత ఇరవై ఏళ్లలో పలు దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో చాలావరకు వేర్వేరు దారుల్లో ఈ ఖాళీ దగ్గరికే చేరుతున్నాయి.

ఇక్కడ కటిక పేదలంటే ఎవరన్నది ముందు తేలాలి. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా పనిచేసిన సి. రంగరాజన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2014లో ఇచ్చిన నివేదిక, 2011-12 ధరల ప్రకారం మనిషికి నెలకు గ్రామాల్లో 972 రూపాయలు, పట్టణాల్లో 1,407 రూపాయల ఖర్చును దారిద్ర్యరేఖగా గీసింది. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తన కటిక పేదరిక రేఖను, కొనుగోలు శక్తి లెక్కన, రోజుకు 3 డాలర్లకు సవరించింది. దేశంలో ఎందరు పేదలున్నారో అంచనా వేయడానికి ఈ రేఖలు అవసరమే గాని, ఒక ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టాలో ఇవి చెప్పవు. ఆ పని ఊరివాళ్లే మెరుగ్గా చేయగలరు. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, వెలుగు ప్రాజెక్టు కాలంలో అనుసరించింది ఈ మార్గాన్నే: జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో వాళ్ల చేతనే చెప్పించి, పేదల్లోనూ నిరుపేదలెవరో విడదీయించారు. ముందు చెప్పుకోబోయే బెంగాల్, బంగ్లాదేశ్ కార్యక్రమాల్లోనూ ఇదే తరహా పద్ధతిలో గుర్తించి, ఆ తర్వాత ఇంటింటికీ వెళ్లి సరిచూసుకున్నారు. అలా తేలే పేర్లలో భర్త లేనివారు, ఇంట్లో సంపాదించే మగ దిక్కు లేనివారు, వికలాంగుల పోషణ భారం మోసేవారు ఎక్కువగా ఉంటారు.

తెలుగు ప్రాంతంలో మహిళా సంఘాలు ఇంత బలంగా ఉండగా ఈ కుటుంబాలు వాటి అండలో ఎందుకు లేవన్న ప్రశ్న న్యాయమైనదే. 1982లో డ్వాక్రాగా మొదలైన బాట, సెర్ప్ ఆధ్వర్యంలో ఊరూరా సంఘాలుగా, గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా విస్తరించి, 2011లో దేశమంతటా ప్రారంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు నమూనాగా నిలిచింది. ఈ ఘనత చిన్నది కాదు. కానీ సంఘానికి పునాది పొదుపు, ఆ తర్వాత బ్యాంకు రుణం, దానికి నెలనెలా వాయిదా. పది మందిలో ఒకరు కట్టకపోతే ఆ భారం మిగతా తొమ్మిది మంది మీద పడుతుంది కాబట్టి, కట్టలేకపోతుందేమోనన్న అనుమానమున్న మనిషిని చేర్చుకోవడానికి సభ్యులు వెనకాడతారు. ఆమె కూడా నలుగురిలో మాట పడడమెందుకని దూరంగానే ఉంటుంది. ఎవరూ గెంటేయకుండానే ఆమె బయట ఉండిపోతుంది. లబ్ధిదారు వాటా అడిగే పథకాల్లోనూ జరిగేది ఇదే. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ విలువ మొదట్లో 1.25 లక్షల రూపాయలు. అందులో 75 శాతం ప్రభుత్వం భరించినా మిగిలిన 31,250 రూపాయలు కుటుంబం కట్టవలసి ఉండేది. గొల్ల కురుమల వృత్తిని నిలబెట్టే ఉద్దేశంతో వచ్చిన ఆ పథకంలో కూడా, వాటా సొమ్ము పుట్టని ఇల్లు వరుసలో వెనక్కి జరగక తప్పేది కాదు.

ఇదే చిక్కును బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ముందుగా గుర్తించింది. ఫజ్లే హసన్ అబేద్ 1972లో స్థాపించిన ఆ సంస్థ చిన్న రుణాలను ఊరూరా విస్తరించింది గాని, అట్టడుగున ఉన్న ఇళ్లు ఆ రుణాల జోలికే రావడం లేదని దానికి అర్థమైంది. 2002లో వారి కోసమే వేరే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో ఆస్తి అప్పుగా రాదు, ఉచితంగా వస్తుంది. ఆవో, మేకలో, చిన్న వ్యాపారానికి సరుకో కుటుంబమే ఎంచుకుంటుంది. ఆదాయం మొదలయ్యేదాకా పూట గడవడానికి కొంత భృతి ఇస్తారు. ఆకలికి ఆస్తిని అమ్ముకోకుండా కాపాడేది ఈ భృతే. పశువు పెంపకంలో, లెక్కలు చూసుకోవడంలో శిక్షణ ఉంటుంది. చిన్న మొత్తాల పొదుపు అలవాటు చేస్తారు, జబ్బు చేస్తే వైద్యానికి దారి చూపుతారు. వీటన్నిటినీ కలిపి కుట్టే దారం, వారం వారం ఇంటికి వచ్చి పలకరించే కార్యకర్త. నట్టల మందు తాగించారా, ఈ వారం పాల డబ్బు ఎటు పోయింది, దళారి చెప్పిన ధర సరైనదేనా అని ఆరా తీసే ఆ మనిషి, ఇంట్లో ఏదో తేడా వచ్చిందని అందరికన్నా ముందు పసిగడతారు. ఈ తోడు ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా ఉంటుంది.

ఇంత చేస్తే ఫలితం ఉంటుందా అన్నదానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్థాన్, పెరూ దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాలపై జరిగిన అధ్యయనం 2015లో సైన్స్ పత్రికలో వెలువడింది. లాటరీ పద్ధతిలో కొందరిని కార్యక్రమంలో చేర్చి, మరికొందరిని చేర్చకుండా, రెండు వర్గాలనూ పోల్చారు. చేరిన కుటుంబాల తిండి, ఖర్చు, ఆస్తులు, మానసిక స్థితి మెరుగుపడ్డాయని, కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచిందని తేలింది. ఆ పరిశోధక బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో బంధన్ సంస్థ నడిపిన కార్యక్రమం మరింత గమనించదగ్గది. అక్కడ లాభం మొదటి ఏడేళ్లు పెరుగుతూ వచ్చి, పదేళ్లకు కూడా తగ్గకుండా నిలిచిందని 2021లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. పదేళ్ల కిందట ఇచ్చిన ఆవు ఇప్పుడు ఉండదు. నిలిచిన ఆదాయంలో ఎక్కువ భాగం ఆ ఆవు దగ్గర మొదలై తర్వాత పెట్టుకున్న చిన్న వ్యాపారాల నుంచి, ఇంట్లో వాళ్లు వలస వెళ్లి తెచ్చే సంపాదన నుంచి వచ్చింది. చేతిలో కాస్త సొమ్ము ఆడడంతో, ఊరు దాటి మంచి పని వెతుక్కునే ధైర్యం కూడా వచ్చిందని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

ఆస్తి ఒక్కటే సరిపోదా అన్న అనుమానానికీ సమాధానం దొరికింది. ఘనాలో కొన్ని కుటుంబాలకు మొత్తం సాయం ఇచ్చి, మరికొన్నింటికి మేకలు మాత్రమే ఇచ్చి చూశారు. మేకలు మాత్రమే అందిన ఇళ్లలో నిలిచే మేలు కనిపించలేదు. బంగ్లాదేశ్‌లో ఆరు వేల కుటుంబాలను పదకొండేళ్ల పాటు గమనించిన మరో అధ్యయనం 2022లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఆస్తుల విలువ ఒక స్థాయి దాటిన కుటుంబాలు క్రమంగా పైకి వెళ్లాయి, అదే సాయం అందినా ఆ స్థాయికి కొద్దిగా తక్కువలో ఆగిపోయిన కుటుంబాలు మళ్లీ కిందికే జారాయి. బావి లోతు ఇరవై గజాలైనప్పుడు పదిహేను గజాల తాడు ఎందరికి పంచినా ఒక్కరూ పైకి రారు. బడ్జెట్ సరిపోదని ఒక్కో ఇంటికిచ్చే మొత్తాన్ని సగం చేసి ఎక్కువ మందికి పంచడం చూడడానికి న్యాయంగా అనిపిస్తుంది గాని, ఈ అధ్యయనం ప్రకారం అది ఇద్దరికీ అన్యాయమే.

అయితే ఈ విషయంలో హైదరాబాద్ పాఠకులు తప్పక తెలుసుకోవలసిన అనుభవం నగరం పొరుగునే ఉంది. బెంగాల్ కార్యక్రమం నడిచిన రోజుల్లోనే, ఎస్‌కేఎస్ స్వచ్ఛంద సంస్థ దాదాపు అదే నమూనాను అప్పటి మెదక్ జిల్లాలో అమలుచేసింది. అదే లాటరీ పద్ధతి, అవే పశువులు, అదే తోడు. కానీ జోనథన్ మోర్డక్, షమికా రవి, జోనథన్ బౌషే చేసిన మూల్యాంకనంలో, చేరిన కుటుంబాలకూ చేరని కుటుంబాలకూ మధ్య ఆదాయంలోగాని ఆస్తుల్లోగాని నిలిచే తేడా కనిపించలేదు. ఇది చదివి కార్యక్రమం విఫలమైందని తీర్పు చెప్పడం తేలిక. వివరాల్లోకి వెళితే కనిపించేది వేరు: చేరని కుటుంబాల ఆదాయం కూడా ఆ కాలంలో పెరిగింది. ఆ ప్రాంతంలో కూలి రేట్లు బాగా పెరిగాయి. చేరని ఇళ్లు ఆ కూలిని అందుకుని పైకి వచ్చాయి. చేరిన ఇళ్లు కూలి మానుకుని పశువుల వెంట తిరిగి, దాదాపు అంతే సంపాదించాయి.

కార్యక్రమం ఒక బతుకుతెరువును ఇచ్చి మరో బతుకుతెరువును తీసుకుందన్నమాట. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం మొదటి విడత జిల్లాల్లో మెదక్ కూడా ఉంది. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. హైదరాబాద్ నిర్మాణ రంగం అప్పటికే చుట్టూ ఉన్న పల్లెల నుంచి కూలీలను పిలుచుకుంటోంది. ఇలాంటి చోట ఒక మహిళ రోజును మేకల కాపలాకు కేటాయించడమంటే ఆమె వదులుకుంటున్న కూలి ఎంతో ముందు లెక్క కట్టాలి. పని దొరకని మారుమూల ప్రాంతంలో అదే మేక ఆమె ఖాళీ వేళను ఆదాయంగా మారుస్తుంది. ఉట్నూరు ఏజెన్సీలో సరైన పథకం శంషాబాద్ పక్క ఊళ్లో తప్పు కావచ్చు. మెదక్ ఫలితాన్ని పరాజయంగా పక్కన పెట్టేయడం కన్నా, ప్రతి మండలానికీ ముందుగా అడగవలసిన ప్రశ్నగా దాన్ని తీసుకోవడమే ఉపయోగం: ఈ ఇంటివాళ్లు ఈ పని చేయకపోతే ఇంకేం చేసి సంపాదిస్తారు? ఆ ప్రశ్న అడగకుండా రాష్ట్రమంతటికీ ఒకే యూనిట్ నిర్ణయించే అలవాటు వల్ల చాలా డబ్బు వృథా అయింది.

ఎంచుకునే ఆస్తికి పొంచి ఉన్న ముప్పు కూడా ఈ లెక్కలోదే. హోండురాస్‌లో కోళ్లు ఎంచుకున్న కుటుంబాలు, అవి జబ్బుతో చనిపోవడంతో నష్టపోయాయి. ఇక్కడ గొర్రెలకు పారుడు రోగం వస్తే మందలే ఖాళీ అవుతాయి. పశువైద్యం అందని చోట జీవాలను పంచడం, ఉన్న పేదరికానికి నష్టభయాన్ని జోడించడమే.

రుణంతోనే అంతా సాధ్యమన్న నమ్మకానికి హైదరాబాద్‌లోనే సవాలు ఎదురైంది. 1996లో ఈ నగరం కేంద్రంగా విజయ్ మహాజన్ తదితరులు నెలకొల్పిన బేసిక్స్ సంస్థ, అయిదేళ్ల తర్వాత తన పాత ఖాతాదారుల పరిస్థితిని పరిశీలింపజేసినప్పుడు, 52 శాతం మందికే ఆదాయం పెరిగిందని, 25 శాతం మందికి మార్పు లేదని, 23 శాతం మందికి తగ్గిందని తేలింది. చిన్న రుణం ఇస్తే చాలనుకోవడం తప్పని ఆ సంస్థ బహిరంగంగా ఒప్పుకుని, రుణంతో పాటు సాగు, పశుపోషణ సలహాలను, బీమాను, రైతులను కూడగట్టే పనిని జోడించింది. తన లెక్కలను తానే శంకించుకునే ఆ నిజాయితీ మెచ్చుకోదగినది. ఆ తర్వాత దాదాపు పదేళ్లకు సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందో, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చిన పరిస్థితులు చెప్పాయి.

ఈ నమూనాను ప్రభుత్వమే పెద్ద ఎత్తున నడపగలదా అన్నది ఇప్పుడు మిగిలిన అసలు ప్రశ్న. బిహార్ ఆ ప్రయత్నం చేస్తోంది. 2016 ఏప్రిల్‌లో మద్యనిషేధం విధించాక సారా, కల్లు మీద బతికిన పేద కుటుంబాల జీవనాధారం తెగిపోయింది. వారితో పాటు ఇతర నిరుపేదల కోసం 2018 ఆగస్టులో సతత్ జీవికోపార్జన్ యోజన వచ్చింది. దాన్ని నడిపేది జీవిక అనే సంస్థ, అంటే మన సెర్ప్ వంటిదే. మొదటి ఏడు నెలలు నెలకు 1,000 రూపాయల భృతి, గ్రామ సంఘం చేతుల మీదుగా కొనిపెట్టే ఆస్తి, రెండేళ్ల తోడు. బెంగాల్‌లో అనుభవం గడించిన బంధన్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ సాంకేతిక సాయం అందించింది. కేరళ దారి కొంచెం వేరు. 2021లో మొదలైన కార్యక్రమంలో 64,006 కుటుంబాలను గుర్తించి, ఒక్కో ఇంటికీ విడిగా ప్రణాళిక రాసి, 2025 నవంబరు 1న కటిక పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. ఆ ప్రకటన మీద ఆర్థికవేత్తలు అభ్యంతరాలు లేవనెత్తారు, అవి పట్టించుకోవలసినవే. అయినా ఇంటింటికీ వేరే ప్రణాళిక అన్న ఆలోచన విలువైనది, ఎందుకంటే ఆ కుటుంబాలకు ఉన్న లోటు ఆదాయంలోనే కాదు, తిండిలో, ఆరోగ్యంలో, ఇంటి వసతిలో కూడా ఉంది. మంచం పట్టిన వృద్ధ దంపతులకు మేకలిచ్చి స్వయం ఉపాధి నేర్పడం క్రూరత్వం. వారికి నెల తప్పకుండా పెన్షన్ రావాలి, వేళకు అన్నం అందాలి, అంతే.

తెలుగు రాష్ట్రాల్లో కావలసిన భాగాలన్నీ విడివిడిగా ఉన్నాయి. ఉచిత బియ్యం ఉంది, పెన్షన్లున్నాయి, తెలంగాణలో 2017 నుంచి ఒంటరి మహిళలకూ పెన్షన్ ఉంది, గ్రామ సంఘాలున్నాయి. వీటన్నిటినీ ఒకే ఇంటికి, ఒకే కాలంలో, ఒక మనిషి పూచీ మీద చేర్చే ఏర్పాటు లేదు. 2025 ఉగాది నాడు ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన పీ4 కార్యక్రమం ఆ పూచీ గురించి కొంత ఆలోచించింది. పేదవైన ‘బంగారు కుటుంబాల’ను ఉన్నవారైన ‘మార్గదర్శుల’కు జతచేస్తుంది. సద్భావన మంచిదే గాని, దూరాన ఉన్న దాత ఫోన్ చేసి అడిగే యోగక్షేమానికీ, ప్రతి మంగళవారమూ కొట్టం దగ్గరికి వచ్చి గేదె డొక్క చూసే మనిషికీ చాలా తేడా ఉంది. తెలంగాణలో 2021లో మొదలైన దళితబంధు ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయలిచ్చింది. తరాల వివక్షను సరిదిద్దే ఉద్దేశంతో వచ్చిన ఆ పథకాన్ని ఇక్కడ చెప్పుకుంటున్న కార్యక్రమాలతో సరిసమానంగా తూచడం తగదు. కటిక పేదరికం కోణంలో చూస్తే మాత్రం, అంత పెద్ద మొత్తం కొద్ది ఊళ్లను, కొద్ది కుటుంబాలనే చేరగలిగిందన్నది కాదనలేని విషయం. అందులో కొంత భాగంతోనే, రెండేళ్ల తోడు కలిపి, ఎన్నో రెట్లు ఎక్కువ ఇళ్లను చేరవచ్చు.

ఆ తోడు ఎవరు నిలుస్తారన్న దగ్గరే ప్రభుత్వాలు తడబడతాయి. ఊళ్లో సంఘాల లెక్కలు రాసే వీఓఏల మీద ఇప్పటికే రిజిస్టర్ల పని, రుణ వాయిదాల వసూలు బాధ్యత ఉన్నాయి. వాయిదా అడిగే నోటితోనే కష్టసుఖం అడిగితే ఎదుటి మనిషి మనసు విప్పదు. కాబట్టి ఈ పనికి వేరే మనిషి ఉండాలి, వీలైతే అదే మండలానికి చెంది పేదరికం చూసి పెరిగిన మహిళ అయి ఉండాలి, ఆమె జీతం రెండేళ్లకూ ముందుగానే బడ్జెట్‌లో కేటాయించి ఉండాలి. గేదె కొనడానికి నిధులు మంజూరు చేయడం తేలిక, పంపిణీ రోజున ఫొటో కూడా వస్తుంది. పదిహేడో నెలలో ఒక కార్యకర్త గుమ్మంలో కూర్చుని పాల లెక్క చూడడం ఏ ప్రగతి నివేదికలోనూ కనిపించదు.

హైదరాబాద్ నగరంలోకి వస్తే ఈ నమూనా చాలావరకు తిరగరాయవలసిందే. బస్తీలో గేదెకు చోటు లేదు. పాలమూరు నుంచి వచ్చి అడ్డా మీద నిలబడే కుటుంబం అద్దె పెరిగిన ప్రతిసారీ ఇల్లు మారుతుంది, ఒక్కోసారి ఊరికి తిరిగిపోయి కొన్ని నెలలకు మరో కాలనీలో తేలుతుంది. వారం వారం వెళ్లవలసిన కార్యకర్తకు ఆ ఇల్లు దొరకడమే మొదటి కష్టం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు కనుక వెళ్లే వేళ రాత్రికి మార్చుకోవాలి. బస్తీల్లో సంఘాలను కూడగట్టే అనుభవం ఈ నగరానికి లేకపోలేదు. పట్టణ సామాజికాభివృద్ధి ప్రాజెక్టు ఇక్కడ 1967లోనే మొదలైంది, ఆ పేరుతో విభాగం నగరపాలక సంస్థలో ఇప్పటికీ ఉంది. నగరంలో ఇవ్వగల ఆస్తి ఎక్కువగా తోపుడు బండి, ఇస్త్రీ బండి, కుట్టు మిషన్ వంటిదే. వీధి వ్యాపారులకు 2020లో మొదలైన స్వనిధి పథకం మొదటి విడతగా ఇచ్చిన 10,000 రూపాయలు కూడా రుణమే కాబట్టి, అప్పటికే బండి నడుపుకుంటున్నవారికి అక్కరకొచ్చినంతగా, బండే లేని ఇంటికి రాలేదు.

తోపుడు బండికి పారుడు రోగం రాదు గాని, రోడ్డు పక్క నుంచి ఎత్తేసే లారీ వస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అమ్ముకునే ధ్రువపత్రానికీ, విక్రయ స్థలాల కేటాయింపుకూ వీలు కల్పించింది. ఒక కటిక పేద కుటుంబానికి నగరంలో బండి ఇవ్వదలిస్తే ఆ ధ్రువపత్రం, నిలబడే చోటు ముందు చేతికి రావాలి, బండి ఆ తర్వాత రావాలి. ఈ రెండిటి వరుస తప్పితే, ఆకలికి అమ్ముకున్న గేదెలాగే బండి కూడా మొదటి మూడు నెలల్లోనే పోతుంది.